వస మడి

నా తోడికోడలు చంద్రకాంతమ్మకూ నాకూ పదేళ్ళుగా పడదు. తర్వాత ఎవరూ నన్ను మంచిదాన్ననుకోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆమె గొంతు వింటే నాకు ఒళ్ళు మండేది. ఆమె నడిచిన గట్టు మీద నేను అడుగు పెట్టేదాన్ని కాదు. ఆమెకూ నేనంటే అంతే. మా రెండిళ్ళకూ మధ్య ఒక మట్టిగోడ ఉంది. దానికి అటూ ఇటూ నిలబడి మేము తిట్టుకున్న తిట్లు పోగేస్తే ఊరందరికీ ఒక ఏడాది సరిపోతాయి.

మాది పలమనేరుకు ఐదు మైళ్ళు లోపలికి ఉన్న పల్లె. మా బావి కింద పల్లంలో, కాలవ చివర, నాలుగు మంచాలంత జాగాలో వస మడి ఉంది. తెలియనివాళ్ళు చూస్తే తుంగ అనుకుంటారు. నడుమెత్తు పెరిగే కత్తుల్లాంటి ఆకులు. ఆకుకు ఈనె నట్టనడుమ ఉండదు, కొంచెం పక్కకు జరిగి ఉబ్బుగా ఉంటుంది. కొస తుంచి నలిపి వాసన చూస్తే చాలు, అది వసో కాదో తేలిపోతుంది. పువ్వు ఒక ఏడు పూస్తుంది, మూడేళ్ళు మానేస్తుంది. పూసినా ఆకుల పక్కన వేలంత కంకి ఒకటి నిక్కుకుని ఉంటుంది, అంతే. దాన్ని ఎవరూ కొప్పులో పెట్టుకోరు. ఆ మొక్క గొప్పంతా బురద కింద ఉంది. అక్కడ దుంప అడ్డంగా పాకుతూ, కణుపు కణుపుకూ వేళ్ళు దింపుకుంటూ ఏళ్ళకేళ్ళు బతుకుతుంది.

దానికి కావలసింది నీళ్ళు. బెత్తెడు నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి, అవి కుళ్ళకూడదు. ఒక పక్క వస్తూ ఒక పక్క పోతూ ఉండాలి. మా పలమనేరు చలి దానికి బాగా పడుతుంది. మడి పది రోజులు ఎండితే ఆకు కొసలు పసుపు తిరుగుతాయి. నెల ఎండితే ఆకులన్నీ పడుకుంటాయి. దుంప మాత్రం అంత తేలిగ్గా చావదు, నాలాగే మొండిది.

మార్గశిరంలో ఆకు పండబారాక నీళ్ళు ఆపేసి తవ్వుతాం. పార వేయకూడదు, చేత్తోనే బురద తోడాలి. మొలకలున్న ముక్కల్ని జానెడు జానెడు దూరంలో మళ్ళీ పాతి, మిగిలినవాటిని వేలెడేసి కోసి నీడన ఆరబెడతాం. ఆరాక గోనెపట్టా మీద రుద్దితే వెంట్రుకల్లాంటి వేళ్ళు రాలిపోతాయి. పైతోలు గీకేస్తే వాసనంతా దానితోనే పోతుంది. వడ్ల గాదెలో నాలుగు ముక్కలు పడేస్తే పురుగు దగ్గరికి రాదు. పసిబిడ్డ కడుపుబ్బి ఏడుస్తుంటే ఆముదపు దీపం మీద కాల్చి, అరగదీసి, బొడ్డు చుట్టూ రాస్తారు. ముక్కలు గుచ్చి ముంజేతికి కడతారు. వీటన్నిటినీ మించి, మాట కోసం బిడ్డ నాలుకకు రాస్తారు. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో ఏ బిడ్డ పుట్టినా పదకొండో రోజున మా ఇంటికి మనిషి రావలసిందే.

ఆ పని మా అత్త కుప్పమ్మది. ఆమె పోయాక నా చేతికి వచ్చింది. దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. బిడ్డవాళ్ళు ఆకువక్క తెచ్చి అడగాలి. అడగనిదే మేము పోకూడదు. అడిగితే పగవాళ్ళయినా కాదనకూడదు. ఇంకొకటి, ఇది మా అత్త దగ్గర తప్ప నేను ఎక్కడా చూడలేదు. సానరాయి మీద వస అరగదీసి వేలికి తీసుకున్నాక, ఆమె ఇత్తడి చెంబు ఒకటి బిడ్డ తల వెనక పట్టుకుని గరిటెతో ఠంగుమని కొట్టేది. బిడ్డ ఉలిక్కిపడి నోరు తెరిచేది. తెరిచిన నోట్లో వేలు పెట్టేది. ఉలిక్కిపడిన నాలిక్కే మందు పట్టేది అనేది ఆమె.

ఒక్కసారి మాత్రం చెంబు మోగినా బిడ్డ కదలలేదు. అది పడమటింటి మునెయ్య బిడ్డ. మా అత్త రెండోసారి కొట్టింది, మూడోసారి కొట్టింది. తర్వాత వేలికున్న మందు చీరకు తుడుచుకుని, "ఈ బిడ్డకు మందు నాలిక్కి కాదు మునెయ్యా, చెవికి కావల్ల. తడవు చెయ్యకుండా పట్నం ఎత్తకపో" అంది. మునెయ్య నమ్మలేదు. ముసలిది ఇష్టం లేక ఏదో వంక పెట్టిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పిల్లవాడికి ఇప్పుడు మీసాలొచ్చాయి. ఈనాటికీ సైగలే.

ఇక మా పగ సంగతి. అత్త పోయిన ఏడు మా వీధిలోని నిర్మలమ్మ బిడ్డకు వస పెట్టడానికి పోయాను. చంద్రకాంతమ్మ కూడా వెంట వచ్చింది. ఆమెకు పెళ్ళయి మూడేళ్ళు, కడుపు పండలేదు. పాపం, సాయం చేద్దామని సానరాయి కడగబోయింది. ఇరవై మంది ఆడవాళ్ళ ఎదుట నేను ఆ రాయి లాక్కున్నాను.

"దాన్ని నువ్వు తాకొద్దు మే. బిడ్డ నాలిక్కి రాసే రాయి ఇది" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. చేతులు తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. ఆచారమే కదా అని ఆ రోజు సమర్థించుకున్నాను. అది ఆచారమూ కాదు, ఏమీ కాదు. మా అత్త నోట అలాంటి మాట ఎన్నడూ రాలేదు. నాకు పెద్దరికం కొత్త. నలుగురిలో చూపించుకోవాలనిపించింది, చూపించుకున్నాను.

నెల తిరగకముందే వేరు పడ్డాం. మడి మాకు వచ్చింది. మడికి నీళ్ళు తెచ్చే కాలవ మాత్రం వాళ్ళ చేను నడుమ నుంచి వస్తుంది. ఎనిమిది రోజులకొక తడి మాకు వదలాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. చంద్రకాంతమ్మ ఏడో రోజే వచ్చి, మా వైపు నీళ్ళు మళ్ళే మడవకు బంకమన్ను వేసి తొక్కేది. నేను పోయి తెరిచేదాన్ని. ఆమె మళ్ళీ మూసేది. నా మొగుడు మునిరామయ్యా, ఆమె మొగుడు గోవిందస్వామీ అన్నదమ్ములు. వాళ్ళిద్దరూ సంతలో కలిసి టీ తాగి, ఇంటికొచ్చేసరికి ఎడముఖం పెడముఖంగా ఉండేవాళ్ళు. మాకు భయపడి, అంతే.

ఎమర్జెన్సీ పెట్టిన మరుసటి ఏడు, పెళ్ళయిన పదో ఏట, చంద్రకాంతమ్మకు ఆడబిడ్డ పుట్టింది. భారతి అని పేరు పెట్టారు. పదకొండో రోజు పొద్దున్నే నేను తలకు పోసుకుని, రాయి కడిగి, చెంబును చింతపండుతో తోమి పెట్టుకున్నాను. అడుగుతారు, అడగక ఎక్కడికి పోతారు అనుకున్నాను. ఆమె నా గడపలోకి వచ్చి తలవంచుకుని ఆకువక్క చాపుతుంటే ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. ఆమె తల్లి పుత్తూరులో అంగట్లో కొన్న ఎండు వస మూట కట్టుకుని వచ్చిందట. గోడకు అవతల రాయి మీద అరగదీస్తున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నేను చెంబు తీసి అటక మీద పెట్టేశాను.

అంగట్లో కొన్నది ఎన్నేళ్ళ నాటిదో, దానికి వాసన ఉందో లేదో. పళ్ళు నూరుకుంటూ ఆ రోజంతా ఇదే గొణిగాను. బిడ్డ గురించి మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు.

బిడ్డకు రెండేళ్ళు నిండాయి. నడిచింది, పరిగెత్తింది, గోడ పక్కన కోళ్ళను తరిమింది. మాట మాత్రం రాలేదు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దకోడలు వస పెట్టలేదు కాబట్టే అని కొందరు. పెట్టకపోవడమే కాదు, నోరు కట్టేసింది అని కొందరు. ఈ రెండో మాట పుట్టింది చంద్రకాంతమ్మ నోట్లోనే. బావి దగ్గర కుండలు కడుగుతూ నాకు వినబడేట్టే అంది. నేనూ తక్కువ తినలేదు. "నోరు కట్టే విద్యే నాకొస్తే ముందు యెవురిది కడతానో తెలీదా?" అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కుండ నేలకు కొట్టి పోయింది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం మడి దగ్గరికి పోయాను. ఆకులు కొసలు మాడి ఉన్నాయి. కొడవలితో ఎండాకు కోసి ఇనుపచట్టిలో వేసుకుందామని వంగితే, మడి నడుమ ఆ పిల్ల కనబడింది. తడి ఇంకా మిగిలిన చోట బురదలో కూర్చుని, ఆకు పీకి నోట్లో పెట్టుకుంటోంది. వీపు నా వైపు ఉంది.

"ఏయ్, యెవురే ఆడ? లెయ్యి!" అని అరిచాను.

పిల్ల తిరగలేదు. తల్లి నేర్పిన పొగరు అనుకున్నాను. నాలుగడుగులు దగ్గరికి పోయి ఇంకా గట్టిగా అరిచాను. నా అరుపుకు గట్టు మీది కొంగ లేచిపోయింది. పిల్ల ఆకు నములుతూనే ఉంది. అప్పుడు ఎందుకో నా చెయ్యి దానంతటదే లేచింది. కొడవలి వెనకతట్టుతో ఇనుపచట్టిని ఠంగున కొట్టాను. పిల్ల తల వెనక, రెండు మూరల దూరంలో. ఇంకోసారి కొట్టాను. దాని వీపు కొంచెం కూడా అదరలేదు. నేను ముందుకు జరిగాక నా నీడ దాని మీద పడింది. అప్పుడు తల తిప్పి చూసి, బురద మూతితో నవ్వింది.

అత్త మునెయ్యతో అన్న మాట చెవిలో మోగింది. ఈ బిడ్డకు వినబడదు, పుట్టినప్పటి నుంచీ వినబడి ఉండదు అని నాకు అర్థమైపోయింది.

పిల్లను చంకనేసుకుని వాళ్ళ చేను గట్టెక్కాను. చెప్పేద్దామనే ఎక్కాను, ఇది మాత్రం నిజం. గట్టు మీద మడవ కనబడింది. కొత్త బంకమన్ను, దాని మీద ఆమె కాలి గుర్తులు, ఇంకా తడి ఆరలేదు. ఆ రోజు తడి మాది. ఇంతలో చంద్రకాంతమ్మ చేలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"నా బిడ్డను యాడికి ఎత్తకపోతా ఉండావే? మళ్ళా ఏం మందు పెడితివి దానికి? దించు! దించు కిందికి!"

"మీ బిడ్డే వచ్చి నా మడిలో పడింది. బిడ్డను సూసుకోను చేతగాదు గానీ మన్ను తొక్కను మాత్రం కాళ్ళుండాయి!"

"నీ చెయ్యి దాని మీద పడితే అది బతకదు. గొడ్రాలినని రాయి తాకనియ్యలేదు కదా నన్ను. ఇప్పుడు నా బిడ్డను నువ్వు తాకొద్దు!"

పిల్లను లాక్కుంది. పిల్ల మా ఇద్దరి నోళ్ళ వంకా మార్చి మార్చి చూస్తోంది. నేను అక్కడే చెప్పి ఉండాలి. ఒక్క మాట, దీనికి వినబడదు మే అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆకువక్క తెచ్చి అడగనీ, అప్పుడు చెబుతాను అనుకున్నాను. అడగనిదే పోకూడదన్నది కట్టుబాటు కదా అని ఒక వంక కూడా దొరికింది. చట్టి ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే ఆ రోజే పోయి తమ్ముడితో చెప్పేస్తాడు, ఆయన కడుపులో మాట నిలవదు. రెండు మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. తర్వాత అలవాటైపోయింది. ఆమె మడవ మూసిన ప్రతిసారీ, మూసుకో, మూసుకో, నాకు తెలిసింది నీకు తెలియదులే అనుకునేదాన్ని. అందులో ఒక రకమైన సంతోషం ఉండేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఉండేది.

అలా ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా చంద్రకాంతమ్మ బిడ్డకు వస పెడుతూనే ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎవరో చెప్పారని తేనెలో, ఇంకెవరో చెప్పారని నేతిలో. గోడ ఇవతల రాయి చప్పుడు వినబడగానే, వెంటనే పిల్ల ఏడుపు వినబడేది. ఒక రోజు తెల్లవారి మడికి పోయి చూస్తే ఒక మూల తవ్వి ఉంది. పారతో అడ్డదిడ్డంగా పొడిచి దుంపలు లాగారు. ఎవరి పనో అడగనక్కరలేదు. ఊరి నడివీధిలో నిలబడి నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఆమె బయటికి రాలేదు.

ఆ మధ్యాహ్నం గోడ అవతల పిల్ల వాంతులు మొదలయ్యాయి. పచ్చిదుంప, ఎంత పెట్టిందో ఏమో. వస మోతాదు మించితే కడుపులో ఏదీ నిలవనివ్వదు. చింతగింజంత పెట్టాల్సినదాన్ని ఆ తల్లి ఆశ కొద్దీ నిండు వేలితో పెట్టి ఉంటుంది. సాయంత్రం దాకా కక్కుతూనే ఉంది. పిల్ల ఏడుపు పిల్లిపిల్ల అరుపంత చిన్నదైపోయింది. నేను గోడకు వీపు ఆనించి కూర్చుని విన్నాను. మజ్జిగ నీళ్ళు తాగించండి అని గోడ మీంచి ఒక్క కేక వేస్తే పోయేది. వెయ్యలేదు. పనిపిల్ల ఓబులమ్మ చేత ఆ మాట చెప్పించాను. నా పేరు ఎత్తొద్దని కూడా చెప్పాను.

మర్నాడు పొద్దున పదిగంటలప్పుడు వాళ్ళు వచ్చారు. ముందు గోవిందస్వామి, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఆకువక్క, అరటిపళ్ళు. వెనక చంద్రకాంతమ్మ, భుజం మీద వాడిపోయిన పిల్ల. పదేళ్ళ తర్వాత ఆమె నా వాకిట్లో అడుగు పెట్టింది. వీధిలో అప్పుడే పదిమంది చేరారు.

"వదినా" అన్నాడు గోవిందస్వామి. "తప్పు మాదే. బిడ్డకు మూడేండ్లు నిండినాయి. ఒక మాట లేదు. నీ చేత్తో పెడితేనే వస్తాదని అందరూ అంటా ఉండారు. కాదనొద్దు."

చంద్రకాంతమ్మ నేల చూస్తూ నిలబడింది. నేను కలలు కన్నది సరిగ్గా ఇదే. ఆమె తల వంచింది, ఊరంతా చూస్తోంది. నేను పళ్ళెం అందుకున్నాను. నాకు తెలిసిన నిజం లోపల ఉంది. చెప్పకుండా ఊరికే వస పెట్టేసి పంపేయవచ్చు. నెల రోజులు నా పేరు మారుమోగుతుంది. మాట రాకపోతే ఆలస్యంగా వచ్చారు, నేనేం చెయ్యను అనవచ్చు. అంత నీచంగా కూడా ఆలోచించాను.

రాయి తెచ్చి కూర్చున్నాను. వస కాల్చి నాలుగు చుక్కల నీళ్ళు వేశాను. రాయిని చూడగానే పిల్ల, తల్లి భుజం మీద వణికింది. తల్లి దాన్ని నా ముందు కూర్చోబెట్టింది. అది ఏడవలేదు, పారిపోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుక బయటపెట్టి కూర్చుంది. ఏడాదిగా రోజుకు రెండుసార్లు ఆ చేదు తిని తిని నేర్చుకుంది. నాలుక మీద పుండ్లు ఉన్నాయి.

నాకు ఇక చేతకాలేదు. మా ఆయన్ని పిలిచి అటక మీది చెంబు దింపించాను. పిల్ల వెనకకు పోయి, దాని నెత్తికి జానెడు దూరంలో చెంబు పట్టుకుని గరిటెతో కొట్టాను. ఠంగుమన్న మోతకు వాకిట్లో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. పిల్ల కళ్ళు మూసుకుని, నాలుక చాపి, అలాగే కూర్చుంది. రెండోసారి కొట్టాను. మూడోసారి కొట్టాను.

"దీనికి వస వద్దు" అన్నాను. "దీనికి ఇనబడదు. చెవులు లేవు దీనికి."

"ఏందే నువ్వు అనేది!" చంద్రకాంతమ్మ పులిలా లేచింది. "ఆకువక్క తెచ్చి అడిగినా గూడా నీ కడుపుమంట సల్లారలేదా? నా బిడ్డను సెవిటిదంటావా నలుగురిలో?"

చెంబూ గరిటే నా చేతిలోంచి గుంజుకుంది. తానే కొట్టింది. పిల్ల కుడి చెవి దగ్గర కొట్టింది, ఎడమ చెవి దగ్గర కొట్టింది. "భారతీ, ఓ భారతీ" అని అరుస్తూ కొట్టింది. మందు ఇంకా రాలేదేమని కాబోలు, పిల్ల ఒక కన్ను తెరిచి ఎదురుగా నన్ను చూసింది. వెనక తల్లి కొడుతూనే ఉంది. గోవిందస్వామి వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొట్టింది. తర్వాత కింద కూలబడి, చెంబు ఒడిలో పెట్టుకుంది.

అప్పుడు తలెత్తి నన్ను అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఆమె కళ్ళలోకి నేను చూడలేకపోయాను. చూడకుండానే చెప్పాను.

"ఈ పొద్దే."

మర్నాడే వేలూరు పోయారు. తమిళం బాగా వచ్చని మా ఆయన కూడా వెంట పోయాడు. నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ నాకు చెప్పాడు.

"మొత్తం పోలేదంట. రవ్వంత మిగిలుండాది. మిషను ఇచ్చినారు, ఎదమీద డబ్బా, చెవులోకి తీగ. దగ్గిర కూచోని ఒక్కో మాట నూరుసార్లు చెప్పల్లంట. కొన్ని మాటలు వస్తాయి, అన్నీ రావు అన్న్యాడు డాక్టరు."

"అన్నీ ఏంటికి రావు?"

"ఆలస్యం అయిపోయిందంట. ఇట్లాంటి పిల్లకాయలకు ఒక్కో నెలా లెక్కేనంట. కనీసం ఒక ఏడు ముందర తెచ్చినా ఇంకా శానా వచ్చేదంట." ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు గనక ఆ పొద్దు చెంబు కొట్టకపోతే ఇంకా ఎన్నేండ్లు పొయ్యేదో. చంద్రకాంత దోవ పొడుగునా నీ పేరే చెప్పింది."

నేను పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను. పొయ్యి వెలిగించనే లేదు. ఒక ఏడు ముందర అన్నది ఆయన మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం బురద మూతితో నవ్విన ఆ పిల్ల ముఖం కళ్ళ ముందు నిలిచింది.

ఆ సాయంత్రం చంద్రకాంతమ్మ వచ్చింది. నేను వద్దు వద్దంటున్నా వినకుండా వంగి నా కాళ్ళు పట్టుకుంది.

"అక్కా, నిన్ను ఎన్ని మాటలన్న్యానో. నోరు కట్టినావని ఊరంతా చెప్పినాను. నువ్వు మనసులో పెట్టుకోకుండా నా బిడ్డకు దోవ చూపిస్తివి" అంది. ఏడుస్తూ అంది. ఆమె కన్నీళ్ళు నా పాదాల మీద వెచ్చగా పడ్డాయి. నా జీవితంలో అంత ఘోరమైన గంట ఇంకొకటి లేదు. లెయ్యి మే, లెయ్యి అంటూ లేపాను.

మర్నాటి నుంచి మడవ మూతపడలేదు. ఎనిమిది రోజులకు కాదు, రోజూ నీళ్ళు వస్తున్నాయి. రెండు నెలల్లో మడి మొత్తం పచ్చబడి, ఆకులు నా నడుము దాటాయి. గోడ అవతల పొద్దస్తమానం ఆమె గొంతే. "అమ్మ... అమ్మ... అను నాయనా, అమ్మ..." నూరుసార్లు, నూటయాభైసార్లు. మధ్యలో ఎప్పుడో ఒకసారి, "మ్మ" అని ఒక మొద్దు శబ్దం. వెంటనే చంద్రకాంతమ్మ గోడ మీంచి తల పెట్టి, "ఇన్న్యావా అక్కా? ఇన్న్యావా?" అని అడుగుతుంది. విన్నాను అంటాను.

చెప్పేద్దామని మూడుసార్లు పోయాను. ఒకసారి ఆమె గడప దాకా పోయి, "చంద్రకాంతా, ఒక మాట" అన్నాను కూడా. ఆమె చేస్తున్న పని వదిలేసి ఎంత ఆదరంగా ముఖం ఎత్తిందంటే, ఉప్పు కావాలని అడిగి వచ్చేశాను. ఇంట్లో కుండ నిండా ఉప్పు ఉంది.

నాకు ఆ పాత పగే కావాలి. ఆమె నన్ను తిడితే తట్టుకోగలను. పదేళ్ళు తట్టుకున్నాను. నన్ను తలుచుకుని ఆమె దేవుడి ముందు దీపం పెడుతోందని విన్నాను, అది మాత్రం నా వల్ల కాదు.

అందుకే నిన్న, వాళ్ళ బర్రె తాడు తెంపుకుని వచ్చి మా గడ్డివామిలో మూతి పెట్టగానే, అదే అదనుగా వీధిలోకి దూకాను. కొంగు నడుముకు చుట్టుకుని అరిచాను. ఆమెను అన్నాను, పుత్తూరులో ఉన్న ఆమె తల్లిని అన్నాను, అనకూడని మాటలన్నీ అన్నాను. ఒక్కసారి, ఒక్కసారి ఆమె ముఖం ఎర్రబడితే చాలనుకున్నాను. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. చంద్రకాంతమ్మ పిల్లను చంకలో ఎత్తుకుని వచ్చి, బర్రె తాడు పట్టుకుని, "తప్పు మాదే అక్కా, గట్టిగా కట్టేస్తాలే. నువ్వు ఎండలో నిలబడొద్దు, లోపలికి పో" అంది.